పిల్లలలో ఉబ్బసము

ఉబ్బసము పెద్దవారి వ్యాధియనియు, చలికాలపు రాత్రులలో పడుకొనలేక వీధి అరుగుపై కూర్చుండి తెల్లవార్చు వృద్ధులకు వచ్చునదనియు మనలో చిరకాలముగా ఒక అభిప్రాయము పాతుకొనియున్నది. ఈ అభిప్రాయము సరియైనది కాదు. పిల్లలను దీర్ఘకాలము వెన్నాడు వ్యాధులలో ప్రపంచమంతట మిక్కిలి హెచ్చుగా కనబడునది ఉబ్బసమే యని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. పెద్దలలో మనము చూచు ఉబ్బసమునకు సైతము అనేక పర్యాయములు మొదలు బాల్యముననే యుండును.

ఈ ప్రసంగమున రెండు ప్రశ్నలను విచారింప దలచితిమి. ఎందరు పిల్లలకు ఈ వ్యాధి యున్నది? ఉన్నవారిని అది ఎంత తీవ్రముగా బాధించుచున్నది? ఈ రెండును ఒకే ప్రశ్నవలె తోచును గాని, కావు. మొదటి ప్రశ్నకు వచ్చు సమాధానమును చూచి రెండవదాని విషయమున నిశ్చింతగా నుండుట మన దేశమున పరిపాటియైనది. దానివలన పిల్లలకు కలుగుచున్న హాని యెట్టిదో చెప్పుటయే మా ఉద్దేశము.

మొదట పేరు సంగతి. బిడ్డకు ఆయాసము వచ్చినపుడు తల్లి వైద్యుని యొద్దకు వచ్చి చెప్పు మాటలు పిల్లల వైద్యులందరకు సుపరిచితములే. "నెమ్ము చేసిందండీ" అనును. "జలుబు చేస్తే చాలు, రొమ్ములోకి దిగిపోతుంది" అనును. "రాత్రంతా పిల్లికూతలు, డొక్కలెగరేస్తున్నాడు" అనును. ఈ మాటలు నిశితమైన పరిశీలనము గలవి. సన్నని గొట్టముగుండ గాలి బలవంతముగా వెలువడునపుడు కలుగు ధ్వనికి "పిల్లికూత" కంటె తగిన పేరు వైద్యగ్రంథములలో కూడ దొరకదు. అయినను "ఇది ఉబ్బసమమ్మా" యని వైద్యుడు పలికినంతనే ఆ తల్లి ముఖము వివర్ణమగును. "మా ఇంటా వంటా లేదండీ" యను సమాధానము వెంటనే వచ్చును. బిడ్డ ఆడపిల్లయైనచో ప్రక్కనున్న అమ్మమ్మ గొంతు తగ్గించి, "ఆ మాట పైకి అనకండి నాయనా, రేపు పెళ్ళి కావలసిన పిల్ల" యనును. వైద్యులలోను కొందరు ఈ ఇబ్బందిని తప్పించుకొనుటకై "ఎలర్జీ దగ్గు" అనియో, "బ్రాంకైటిస్" అనియో మెత్తని పేరొకటి వ్రాసి పంపుదురు. పేరు మెత్తనైనంత మాత్రమున వ్యాధి మెత్తబడదు. అయిదు దినముల మందు వాడుదురు, కూతలు తగ్గును, సీసా మూలబడును. మరల నెల తిరుగక ముందే అదే కథ.

ఈ వ్యాధి మన పూర్వులకు తెలియనిది కాదు. చరకసంహితలో శ్వాసరోగములను అయిదింటిని చెప్పి, వానిలో ఒకదానికి తమకశ్వాస మను పేరిడిరి. పడుకొన్నపుడు హెచ్చుట, లేచి కూర్చున్నపుడు కొంత ఉపశమించుట, మబ్బు పట్టినపుడును చలిగాలి వీచినపుడును విజృంభించుట, ఇవన్నియు అందు వర్ణితములు. నేటి వైద్యుడు తల్లిని అడుగు ప్రశ్నలు కూడ ఇంచుమించు ఇవియే.

ఇక రొమ్ములో జరుగునదేమి? ఊపిరితిత్తులలోనికి గాలి పోవు మార్గము ఒక వృక్షమువలె శాఖోపశాఖలుగా చీలియుండును. ఉబ్బసము గల బిడ్డకు ఈ శాఖల లోపలి పొర ఎల్లప్పుడును కొంచెము వాచియుండును. బిడ్డ ఆడుచు పాడుచు ఉన్న దినములలో సైతము ఆ వాపు పూర్తిగా పోదు. దానిపై జలుబో, పొగయో, ధూళియో తగిలినపుడు మూడు పనులు ఒక్కుమ్మడిగా జరుగును. పొర మరింత వాచును. గొట్టము చుట్టునున్న కండరము బిగుసుకొనును. జిగటయైన కఫము ఊరి లోపల అడ్డుపడును. పిల్లలకు ఇది పెద్దలకంటె ప్రమాదకరమగుటకు ఒక లెక్క యున్నది. సన్నని గొట్టము యొక్క వ్యాసము సగమునకు తగ్గినపుడు, నెమ్మదిగా సాగు గాలికి అందు కలుగు అడ్డు రెట్టింపు కాదు, నాలుగు రెట్లును కాదు, 16 రెట్లగును. పెద్దవాని గొట్టములో ఒక మిల్లిమీటరు వాపు ఇబ్బంది మాత్రమే. పసిబిడ్డకు అదే వాపు ప్రాణసంకటము.

ఎందరికి యున్నదను ప్రశ్నకు సమాధానము చెప్పుట మనము తలచునంత సులభము కాదు. ఉబ్బసమును పట్టియిచ్చు రక్తపరీక్ష ఒక్కటియు లేదు. ఒక దేశపు వైద్యుడు ఉబ్బసమనుదానిని వేరొక దేశపు వైద్యుడు మరియొక పేరుతో పిలుచును. ఈ చిక్కును తప్పించుటకై 1991లో కొందరు శాస్త్రజ్ఞులు ఒక పెద్ద ప్రయత్నమునకు పూనుకొనిరి. వారు పిల్లలను "నీకు ఉబ్బసమున్నదా?" అని అడుగలేదు. "గడచిన పండ్రెండు నెలలలో నీ రొమ్ములో ఈల వంటి కూత వచ్చినదా?" అని అన్ని దేశములలోను ఒకే విధముగా అడిగిరి. ఆరేడు ఏండ్ల పిల్లల విషయమున తలిదండ్రులు సమాధానము లిచ్చిరి; పదమూడు పదునాలుగు ఏండ్లవారు తామే చెప్పిరి. భాషాభేదము అడ్డురాకుండుటకై అనేకచోట్ల ఆయాసపడు పిల్లల చలనచిత్రమును చూపి, "నీకెప్పుడైన ఇట్లుండెనా?" యనియు అడిగిరి. 1998లో ఫలితములు ప్రకటితమైనవి. 56 దేశములలో, 155 కేంద్రములలో, పదమూడు పదునాలుగు ఏండ్ల పిల్లలే నాలుగున్నర లక్షలకు పైగా ఇందు పాల్గొనిరి. ఒకచోటికిని మరియొకచోటికిని నడుమ ఇరువది మొదలు అరువది రెట్ల వరకు తేడా కనబడెను. ఇంగ్లండు, ఐర్లండు, ఆస్ట్రేలియా, న్యూజీలండు దేశములలో వ్యాధి అత్యధికము. ఇండోనీషియా, చైనా, గ్రీసు, ఇథియోపియాలతో పాటు మన భారతదేశమును తక్కువ గల దేశముల పట్టికలో చేరెను.

తెల్లని పాలు, పచ్చని పొలములు గల న్యూజీలండులో ఇంత వ్యాధియేల యని ఆశ్చర్యము కలుగుట సహజము. అప్పటికి కొంతకాలము ముందే జర్మనీలో ఇట్టి వింతయే బయటపడియుండెను. రెండు జర్మనీలు ఏకమైన తరువాత ఎరికా ఫన్ మూటియస్ అను వైద్యురాలును ఆమె సహచరులును తూర్పున లైప్‌జిగు నగరపు పిల్లలను, పడమట మ్యూనిక్ నగరపు పిల్లలను పోల్చి చూచిరి. బొగ్గుపొగతో నల్లబడిన లైప్‌జిగులోనే ఉబ్బసము హెచ్చుగా నుండునని అందరును ఎదురుచూచిరి. తీరా చూడగా అక్కడ దగ్గులు, శ్వాసనాళపు జబ్బులు హెచ్చుగా నుండెను గాని ఉబ్బసము మ్యూనిక్‌లోనే అధికమయ్యెను. పల్లెలలో పశువుల కొట్టములనడుమ పెరుగు పిల్లలకు ఈ వ్యాధి తక్కువయని యూరపులో తరువాత జరిగిన పరిశోధనలు తెలిపినవి. పసితనమున శరీరమునకు రకరకముల సూక్ష్మజీవులతో పరిచయము కలుగుట ఇందుకు కారణము కావచ్చునని శాస్త్రజ్ఞుల ఊహ. దీనిని విని పొగ మంచిదని ఎవ్వరును భావింపరాదు. వ్యాధి మొదలగుటకు గల కారణములు వేరు. మొదలైన వ్యాధిని రెచ్చగొట్టునవి వేరు. పొగ రెండవ పని చేయుటలో దిట్ట. మొదటి పనిలోను దానికి భాగమున్నదనుటకు, ముఖ్యముగా వాహనముల పొగ విషయమున, నేడు తగినంత సాక్ష్యము లభించినది.

మన దేశపు లెక్కలకు వత్తము. బెంగుళూరులో డాక్టరు పరమేశ్ గారు 1979 మొదలు 1999 వరకు తమ ఆసుపత్రికి వచ్చిన పిల్లలలో ఉబ్బసము గలవారిని లెక్కించుచు వచ్చిరి. 1979లో వందకు 9 మంది. 1999 నాటికి 29 మందికి పైగా. ఈ అంకెలు వినినవారికి గుండె ఝల్లుమనును. అయితే ఇవి ఆసుపత్రి గడప తొక్కిన పిల్లల లెక్కలని మరువరాదు. నగరములోని పిల్లలందరిలో ఇందరికి ఉబ్బసమున్నదని దీని అర్థము కాదు. వీధివీధికి, బడిబడికి పోయి అడిగినపుడు వచ్చు లెక్క వేరుగా నుండును. జయపురము, లక్నో, కలకత్తా, పూనా, మైసూరు, కొట్టాయము మొదలుగా తొమ్మిది కేంద్రములలో అట్టి సర్వే ఒకటి జరిగి, 2022లో ప్రకటితమైనది. అందు పిల్లలలో ఉబ్బసము వందకు 3 మొదలు 4 లోపుగా మాత్రమే తేలినది.

వందకు ముగ్గురు నలుగురే గదా యని సంతృప్తి పడుటకు వీలులేదు. ఆ సర్వేలోనే మరి రెండు సంగతులు బయటపడినవి. గడచిన సంవత్సరమున రొమ్ములో కూతలు వచ్చినవారిలో, పిల్లలును పెద్దలును కలిపి, వందకు సుమారు 82 మందికి "ఇది ఉబ్బసము" అని ఏ వైద్యుడును చెప్పియుండలేదు. లక్షణములు తీవ్రముగా నున్నవారిలో సైతము వందకు 70 మందికి ఆ పేరు తెలియదు. పేరు తెలియనివారికి తగిన మందు ఎట్లు అందును? ప్రపంచమందలి ఉబ్బసరోగులలో మనవారు నూటికి సుమారు 13 మంది. ఉబ్బసముచే మరణించువారిలో మాత్రము నూటికి 40 మందికి పైగా మనవారేయని 2019 నాటి అంతర్జాతీయ అంచనాలు చెప్పుచున్నవి. ఇవి అన్ని వయస్సులవారికిని చెందిన అంకెలు. చనిపోవువారిలో వృద్ధులే హెచ్చు. అయినను 13కును 40కిని నడుమ గల ఈ అంతరమును చూచి ఊరకుండుట ఎవరి తరము?

ఇది మన దేశమునకే ప్రత్యేకమైనది కాదు. ఇందాక చెప్పిన ప్రపంచ సర్వే యొక్క తరువాతి దశ ఫలితములు 2009లో వెలువడినపుడు ఒక సత్యము స్పష్టమైనది. కూతలు గల పిల్లల సంఖ్య సంపన్న దేశములలో హెచ్చు. కూతలున్న పిల్లలలో తీవ్రముగా బాధపడువారి పాలు పేద దేశములలో హెచ్చు. తీవ్రత యనగా ఏమో కూడ ఆ సర్వేకారులు స్పష్టముగా చెప్పిరి. సంవత్సరమునకు నాలుగు పర్యాయములు గాని, అంతకు మించి గాని ఆయాసము వచ్చుట, వారమునకు ఒక్కరాత్రియైన కూతలవలన నిద్ర చెడుట, ఊపిరాడక రెండు మాటలు కలిపి పలుకలేకపోవుట, వీనిలో ఏ ఒక్కటి యున్నను తీవ్రమనియే లెక్క. ఈ కొలతతో కొలిచినచో మన ఇండ్లలో "కాస్త నెమ్ము" అని సరిపెట్టుకొనుచున్న పిల్లలలో ఎందరు తీవ్రరోగుల పట్టికలోనికి ఎక్కుదురో తలిదండ్రులే ఆలోచింపవలెను.

తీవ్రత యొక్క మూలము రోగములో కొంతయే యున్నది. మిగిలినది మందు వాడు పద్ధతిలో నున్నది. ఉబ్బసమునకు మందులు రెండు జాతులు. ఒకటి బిగుసుకొనిన కండరమును సడలించి నిమిషములలో ఊపిరి నిచ్చును. ఇది ఉపశమనపు మందు. రెండవది లోపలి వాపును దినదినము కొంచెముకొంచెముగా తగ్గించును, ఇది నివారకము. మొదటిది పీల్చినంతనే ఫలితము కనబడును గావున దానిపై మనకు ప్రీతి హెచ్చు. రెండవదానిని పీల్చినపుడు ఏమియు జరిగినట్లు తోచదు. బిడ్డ ఆరోగ్యముగా నున్న దినమున కూడ వాడవలెనన్నచో ఖర్చు దండుగయని తోచును. ఇంటికి చెదలు పట్టినపుడు రాలిన మట్టిని మాత్రము ఊడ్చి, దూలమును పట్టించుకొనని గృహస్థునివలె మనము ప్రవర్తించుచున్నాము.

ఈ రెండు మందుల చరిత్ర కొంచెము చెప్పవలసియున్నది. ఒత్తినంతనే కొలత ప్రకారము మందు వెలువడు చిన్నడబ్బా 1956లో అమెరికాలో మొదట అమ్మకమునకు వచ్చెను. తలకు చల్లుకొను సుగంధద్రవ్యమువలె తన ఉబ్బసపు మందును కూడ డబ్బాలో పెట్టరాదా యని ఆ మందుల కంపెనీ అధ్యక్షుని కుమార్తె, పదమూడేండ్ల పిల్ల, అడిగిన ప్రశ్నయే దానికి బీజమట. పిల్లల ప్రశ్నలను త్రోసిపుచ్చరాదనుటకు ఇదొక నిదర్శనము! ఆ సౌకర్యముతో పాటు ఒక అపాయమును వచ్చెను. 1960 తరువాత ఇంగ్లండు, ఆస్ట్రేలియా, న్యూజీలండు దేశములలో యువకులును పిల్లలును ఉబ్బసముతో మరణించుట హఠాత్తుగా హెచ్చెను. ఆనాటి ఉపశమనపు మందులలో అధికశక్తి గలదానిని విరివిగా వాడుటకును ఈ మరణములకును సంబంధమున్నట్లు తరువాత తేలెను. తాత్కాలిక సుఖమిచ్చు మందుపై ఆధారపడి, లోపలి వాపు పెరుగుచున్న సంగతి గమనింపకుండుట ఎంత ప్రమాదమో అప్పుడు లోకమునకు బోధపడెను. 1972లో పీల్చు స్టెరాయిడు మందు వాడుకలోనికి వచ్చినది. అది వచ్చిన పిదప కూడ దానిని దినదినము వాడువారు కొద్దిమందియే. ఉపశమనపు మందును ఒక్కదానినే ఇచ్చి పంపుట పండ్రెండేండ్లు దాటినవారి విషయమున ఇక తగదని అంతర్జాతీయ వైద్యమార్గదర్శకులు 2019లో నిష్కర్షగా చెప్పిరి. చిన్నపిల్లల విషయమునను పోకడ ఆ దిక్కుననే యున్నది.

స్టెరాయిడు అను మాట వినగానే తలిదండ్రులు ఉలికిపడుట మేము ఎరుగుదుము. ఆ భయమును పరిహసించుట తగదు. మాత్రలుగాను సూదులుగాను పదేపదే ఇచ్చినచో ఆ మందు చేయు కీడు నిజమే. కాని పీల్చునపుడు ఇచ్చు కొలత మిల్లిగ్రాములో కొలదిభాగములు మాత్రమే. అదియు నేరుగా రొమ్మునకే పోవును. బిడ్డ పొడుగు తగ్గునా యను ప్రశ్నకు కూడ సమాధానమున్నది. అమెరికా, కెనడా దేశములలో వెయ్యిమందికి పైగా పిల్లలతో జరిగిన ఒక పరిశోధనలో, నాలుగయిదేండ్లు ఈ మందు పీల్చినవారు పెద్దవారైన పిదప సగటున 1.2 సెంటీమీటరు పొట్టిగా నుండిరని 2012లో ప్రకటించిరి. అరంగుళము కన్న తక్కువ. రాత్రులు నిద్రలేక, తిన్నది ఒంటబట్టక, ఏడాదికి ఆరుమార్లు స్టెరాయిడు సిరపు త్రాగు బిడ్డకు కలుగు నష్టముతో దీనిని సరిచూడవలెను. డబ్బా మొదలుపెట్టినచో "అలవాటు పడిపోతాడు" అను మాటయు తరచు వినుచుందుము. కళ్ళజోడు పెట్టుకొన్నవాడు కళ్ళజోడునకు అలవాటు పడినాడని ఎవ్వరును నిందింపరు గదా!

వ్యాధిగ్రస్తుల సంఖ్య తగ్గకున్నను తీవ్రతను తగ్గింపవచ్చునని ఫిన్లండు దేశము చేసి చూపినది. అక్కడ 1994లో పదేండ్ల జాతీయ కార్యక్రమము నొకదానిని ప్రారంభించిరి. కొత్త ఔషధమేదియు కనిపెట్టలేదు. వ్యాధిని తొలిదశలోనే గుర్తించుట, గుర్తించిన దినముననే నివారకమును మొదలిడుట, నర్సులకును మందుల షాపువారికిని పీల్చు పద్ధతి నేర్పుట, చేసినది ఇంతయే. ఆ పదేండ్లలో రోగుల సంఖ్య తగ్గలేదు సరికదా, పెరిగెను. ఆసుపత్రిలో ఉబ్బసరోగులు గడపిన దినములు మాత్రము సుమారు సగమునకు పడిపోయెను. ఎందరికి అను ప్రశ్నయు, ఎంత తీవ్రముగా అను ప్రశ్నయు వేరువేరని ఇంతకంటె స్పష్టముగా ఏ గ్రంథము చెప్పగలదు?

వ్యాధి తేలికగా నున్నదను నమ్మకము సైతము మోసకరమైనది. ఇంగ్లండులో ఉబ్బసమరణములను ఒక్కొక్కదానిని విడివిడిగా విచారించి 2014లో ప్రకటించిన నివేదికలో, ఎవరి తీవ్రతను అంచనా కట్టగలిగిరో వారిలో సగమునకు పైగా స్వల్పరోగులుగానో మధ్యమరోగులుగానో వైద్యము పొందుచున్నవారే. లండనులో రద్దీ గల రహదారి ప్రక్కన పెరిగి, ఇంచుమించు ముప్పది మార్లు ఆసుపత్రి పాలై 2013లో మరణించిన ఎల్లా అను తొమ్మిదేండ్ల బాలిక విషయమున, వాయుకాలుష్యమును మరణకారణములలో ఒకటిగా 2020లో అక్కడి విచారణాధికారి లిఖితపూర్వకముగా నమోదు చేసినాడు. బ్రిటనులో ఇట్లు నమోదు చేయుట అదియే మొదటిసారి.

ఇక మన హైదరాబాదు నగరపు సంగతి యొకటి చెప్పక తప్పదు. మృగశిర కార్తె ప్రవేశించు దినమున నాంపల్లి ఎగ్జిబిషను మైదానమున చేపమందు కొరకు దూరదేశములనుండి సైతము వేలాది జనము వచ్చి బారులు తీరుదురు. చిన్న కొర్రమీను పిల్ల నోట మందునుంచి రోగిచే మ్రింగింతురు. విశ్వాసములను గూర్చి వాదించుట మా పని కాదు. ఉబ్బసము యొక్క స్వభావమును మాత్రము శ్రోతలు గుర్తింపవలెను. అది ఆటుపోటులు గల వ్యాధి. వేసవి చివర, తొలకరి జల్లులకు హెచ్చును. కొన్ని వారములకు తానై తగ్గును. పోటు వచ్చినపుడు ఏ మందు తీసికొన్నను, ఆటు వచ్చినపుడు ఆ మందునకే కీర్తి దక్కును. పసిపిల్లల విషయమున ఇది మరింత నిజము. అమెరికాలో టూసాన్ పట్టణమున 1980లో ప్రారంభమైన పరిశోధనలో, శిశువులను పుట్టుకనుండి గమనించుచు వచ్చిరి. మూడేండ్ల లోపు కూతలు వచ్చిన పిల్లలలో సుమారు నూటికి అరువది మందికి ఆరవ ఏట అవి లేకుండ పోయెను. కావున కూతలు వచ్చిన ప్రతి శిశువును ఉబ్బసరోగి కాదు. కూతలు పోయిన ప్రతి బిడ్డకును ఏదో మందు పనిచేసినదనుటయు కాదు. మిగిలిన నలువది మందిలో తమ బిడ్డ యున్నదేమో యని జాగ్రత్తపడుట తల్లిదండ్రుల విధి. తలిదండ్రులకు ఉబ్బసము గాని, బిడ్డకు ఎలర్జీ చర్మవ్యాధి గాని యున్నచో ఆ సంశయము బలపడును. చేపమందుకు పోవువారు పోవచ్చును; దినదినము పీల్చు మందును మాత్రము ఆ దినమున మానిపింపరాదు.

ఇంటిలోని పొగను గూర్చి రెండు మాటలు. కట్టెలపొయ్యి, పిడకలు, తండ్రి కాల్చు బీడీ, దోమల చుట్ట, పూజగదిలో మూసిన తలుపుల వెనుక సాంబ్రాణి, ఇవన్నియు బిడ్డ రొమ్మునకు ఒకే విధముగా తగులును. తండ్రి వాకిట నిలిచి కాల్చి వచ్చినను అతని బట్టలను అంటిన పొగ లోనికి వచ్చును. దీపావళి రాత్రి ఉబ్బసపు బిడ్డను కిటికీలు మూసిన గదిలో నుంచుటయే మేలు. తిండి విషయమున మాత్రము మన ఇండ్లలో అనవసరపు ఆంక్షలు హెచ్చు. అరటిపండు, పెరుగు, బత్తాయి మొదలగువానిని ఉబ్బసమను పేరుతో బిడ్డకు దూరము చేయుట తగదు. తిన్న గంటలోపల దద్దుర్లో, కూతలో వచ్చుట కన్నులార చూచిన పదార్థమును మాత్రము మానిపించి, వైద్యునికి తెలుపవలెను.

ఆయాసము ముదిరినదని ఎట్లు తెలిసికొనుట? బిడ్డ ఒక వాక్యమును ఒక్క ఊపిరిలో చెప్పలేకుండుట, ముక్కుపుటములు ఎగురుట, ప్రక్కటెముకల నడుమ చర్మము లోనికి పీకుకొనిపోవుట, పసిబిడ్డ పాలు త్రాగలేక విడిచిపెట్టుట, పెదవులు నీలి రంగు తిరుగుట, మగతగా నుండుట, ఇవి అన్నియు ఆసుపత్రికి పరుగెత్తవలసిన లక్షణములు. ఒక విషయమును ప్రత్యేకముగా చెప్పుచున్నాము. బిడ్డ ఇంకను ఎగశ్వాస పీల్చుచుండగా కూతలు ఆగిపోయినచో అది తగ్గుట కాదు. గాలి కదలుటయే మానినపుడు ధ్వనియు మానును. "పిల్లికూతలు తగ్గాయి, పడుకున్నాడు" అని దీపము తగ్గించి నిద్రించిన ఇంట తెల్లవారునప్పటికి ఘోరము జరుగవచ్చును. ఆసుపత్రికి పోవు దారిలో ఉపశమనపు మందును మరల మరల ఇచ్చుచునే యుండవలెను. బిడ్డను కూర్చుండబెట్టియే తీసికొనిపోవలెను, పడుకొనబెట్టరాదు.

చిన్నపిల్లలు డబ్బాను నేరుగా నోట పెట్టుకొని సరిగా పీల్చలేరు. మందు నాలుకపైననే నిలుచును. అందుకు స్పేసరు అను గొట్టము వాడుక. అది కొనలేనివారు నిరాశపడ నక్కరలేదు. అర లీటరు ప్లాస్టికు సీసా అడుగున డబ్బా మూతికి సరిపోవు రంధ్రము చేసి వాడినచో, అయిదేండ్లు దాటిన పిల్లలలో అది కొన్న పరికరముతో సమానముగా పనిచేయునని దక్షిణాఫ్రికాలో కేప్‌టౌను వైద్యులు 1999లో నిరూపించిరి. చేయు విధానమును వైద్యునియొద్దనో నర్సుయొద్దనో ఒకమారు చూచి నేర్చుకొనవలెను. నివారకమును పీల్చిన పిదప బిడ్డచే నోరు పుక్కిలింపజేయుట మరువరాదు. లేనిచో నోటిలో తెల్లని పూత వచ్చును.

బడిలో ఉపాధ్యాయులకు కూడ ఈ విషయము తెలియవలెను. మందు అదుపులో నున్న బిడ్డను ఆటలనుండి తప్పించి చెట్టుక్రింద కూర్చుండబెట్టుట అనవసరము. ఉపశమనపు డబ్బా మాత్రము తాళము వేసిన బీరువాలో గాక, బిడ్డ సంచిలోనో, చేతికందు చోటనో ఉండవలెను.

వైద్యునియొద్దకు మరల పోవునపుడు తలిదండ్రులు ఒక కాగితము వెంట తీసికొనిపోవుట మంచిది. ఇంటిలో గోడకు వ్రేలాడు కాలెండరుపైననే గుర్తులు పెట్టవచ్చును. ఈ నెలలో ఎన్ని రాత్రులు దగ్గుతో లేచెను? ఎన్ని దినములు బడి మానెను? ఉపశమనపు డబ్బాను ఎన్నిమార్లు ఒత్తవలసి వచ్చెను? పరుగెత్తునపుడు ఆగి రొప్పుచున్నాడా? నెలకు రెండు మూడు రాత్రులే యైనను గుర్తు పెట్టవలెను. "ఫరవాలేదండీ, బాగానే ఉన్నాడు" అని తల్లి చెప్పిన మాటకంటె ఆ గుర్తులను చూచి వైద్యుడు మందు పెంచవలెనో, తగ్గింపవలెనో సరిగా నిర్ణయింపగలడు.